కాళియప్పన్ విన్న కలవరం

కాళియప్పన్ ఏ ఊరినీ నమ్మడు. ఉడుమలైపేట వెళ్తే నెత్తిన కొబ్బరికాయ పడుతుందని అనుమానం. బోడినాయకనూరు కొండదారిలో బస్సు డ్రైవరు కళ్ళు మూసుకుంటాడని అనుమానం. సూలూరు గురించి ఎవరూ చెడు చెప్పలేదు కాబట్టి దాని మీద మరీ అనుమానం. అలాంటి మనిషికి కోయంబత్తూరు మిల్లులో గేటు కాపలా ఉద్యోగం దొరికింది. ఇక పట్టపగ్గాలుంటాయా?

మిల్లు పనివాళ్ళలో ఎవరు ప్రయాణమన్నా గేటు దగ్గర విచారణ తప్పదు.

"ఎక్కడికి రా కరుప్పా, మూట కట్టినావు?"

"మదురకి అన్నా. అక్కను చూసి వస్తాను."

"అక్క గాక ఎవరుండారు ఆడ?"

"బావ."

"బావ ఎట్లాంటోడు?"

కరుప్పన్ మూట కింద పెట్టి, బావ ఎలాంటివాడా అని మొట్టమొదటిసారి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆలోచన తెమిలేసరికి రైలు వెళ్ళిపోయింది.

ఇలాంటి మామ చేతుల్లో పెరిగింది సెల్లాయి. తల్లి పోయాక మేనమామే అన్నం పెట్టాడు, మారికిచ్చి పెళ్ళి చేశాడు, అదే మిల్లులో నూలు చుట్టే పనిలో పెట్టించాడు. మారి మూడేళ్ళ కింద రంగూను బియ్యం మిల్లుకు ఫిట్టరుగా వెళ్ళాడు. ఇప్పుడు కబురు పెట్టాడు. సంసారమున్న వాళ్ళకు మిల్లువాళ్ళు గది ఇస్తారట. వానలు పడేలోపల పెళ్ళాం రాకపోతే ఆ గది ఇంకొకరికి పోతుందట.

"రంగూనా!" అన్నాడు కాళియప్పన్, పిల్లను పులిబోనులోకి రమ్మన్నట్టు. బర్మా వేరే దేశమై రెండేళ్ళయింది. పోయిన ఏడు అక్కడ నిజంగానే అల్లర్లయ్యాయి. వెళ్ళిన వాళ్ళంతా బతుకుతెరువు కోసం వెళ్ళినవాళ్ళే, తిరిగి రానివాళ్ళూ ఉన్నారు. అందుకని ఈసారి మామ అనుమానాన్ని వట్టి చాదస్తమని కొట్టిపారేయడానికి సెల్లాయికి నోరు రాలేదు. అయినా రోజూ అడిగేది, రోజూ ఆయన "విచారించాల" అనేవాడు.

విచారించడానికి మనిషి దొరకనే దొరికాడు. మారితో ఒకే గదిలో ఉండే యేసుదాస్ సెలవు మీద ఊరికి వచ్చాడు. ఇక్కడ చిన్న చిక్కుంది. యేసుదాస్ నాలుగేళ్ళుగా రంగూనులో గోదావరి కూలీల మధ్య ఉన్నాడు. వాళ్ళ తెలుగు నోటికి అంటుకుంది. వాళ్ళకు కలవరమంటే నిద్రలో పలవరింత. కోయంబత్తూరులో పుట్టి అరవ మాటల మధ్య పెరిగిన కాళియప్పన్‌కు కలవరమంటే ఒక్కటే అర్థం. వీధిలో జనం తలలు పగలగొట్టుకోవడం.

కాళియప్పన్ సెల్లాయిని వెంటబెట్టుకుని అతని ఇంటికి వెళ్ళాడు. "రండి అన్నయ్యా, కూర్చోండి," అన్నాడు యేసుదాస్.

అన్నయ్యా అంటున్నాడు, అండీ అంటున్నాడు, వీడు ఏదో దాస్తున్నాడనుకున్నాడు కాళియప్పన్. "మారి ఎట్లుండాడు?" అని అడిగాడు.

"పగలంతా బానే ఉంటాడండి. రాత్రయితేనే కలవరం."

"కలవరమా! దినామూనా?"

"రోజూనండి."

"ఎవరు మొదలుపెట్టేది?"

"ఇంకెవరు? మారే."

"మన మారియా? కోడి కూస్తే ఉలిక్కిపడే మారియా?"

"వాడేనండి. గదిలో ఎవరికీ నిద్రుండదు."

"పోలీసు రాడా?"

"దానికి పోలీసెందుకండి? మొహాన చెంబుడు నీళ్ళు కొడతాం. సర్దుకుంటాడు."

కాళియప్పన్ గోడకు ఆనుకున్నాడు. "చేతిలో కత్తి గిత్తి ఉంటాదా?"

"దిండుంటుందండి."

"దిండుతో కలవరమా! అయ్యో సామీ! ఏమి కావాలంటాడు రా వాడు?"

యేసుదాస్ గుమ్మంలో నిలబడ్డ సెల్లాయిని చూసి తల గోక్కున్నాడు. "ఏం కావాలంటాడూ? ఆ దిండు పట్టుకుని సెల్లాయీ సెల్లాయీ అంటాడు. అంతేనండి."

సెల్లాయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మామా, అది కొట్లాట కాదు. నిద్దర్లో నన్ను పిలుస్తుండాడు."

"ఇద్దరూ ఒకే మాట చెప్తే నేను నమ్మాలా?"

"నమ్మకపోతే పో. నేను పోతాను."

"పోయిన ఏడు ఆడ మనోళ్ళు చచ్చినారే! అది కూడా నిద్దర్లోనేనా?"

సెల్లాయి కొంగు నడుముకు దోపుకుంది. "పోతాను మామా," అని మాత్రం మళ్ళీ అంది. కాళియప్పన్ తలపాగా దులుపుకుని గేటుకు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమెతో పలకనే లేదు. సెల్లాయి కోపంతో సామాను సర్దుకుంది. పెంచిన మనిషి పోయి రమ్మని కూడా అనలేదే అని ఒళ్ళు మండింది.

ప్రయాణం నాడు స్టేషనుకు వచ్చేసరికి మద్రాసు బండి ముందు ట్రంకుపెట్టెతో కాళియప్పన్ నిలబడి ఉన్నాడు. కాకీ చొక్కాకు బొత్తాములన్నీ పెట్టుకున్నాడు.

"నువ్వెక్కడికి మామా?"

"రంగూనుకి. మిల్లులో లీవు అడిగినా. ఇయ్యం అన్నారు. సరే, గేటుకు వేరే ఆళును చూసుకోండి అన్నా."

"ఉద్యోగం వదిలేసినావా!"

"ఆ దేశాన్ని నమ్మి నిన్నొక్కదాన్ని పంపుతానా? నీ మొగుడి చేతిలో పెట్టి, ఆ గదికి తలుపు గడియ సరిగ్గా ఉండాదా లేదా చూసి, తిరిగి వస్తా. ఎక్కు."

నొయ్యల్ ఏట్లో మోకాళ్ళ దాకా నీళ్ళొస్తే దాటని మనిషి సముద్రం దాటుతానంటున్నాడు. సెల్లాయి ఆయన పెట్టె అందుకుని బండెక్కింది.

బండి కదిలింది. మిల్లు పొగగొట్టాలు వెనక్కి పోతుంటే, ఇన్నాళ్ళూ పంతంతో అణిచిపెట్టిన భయం సెల్లాయికి అప్పుడు పుట్టుకొచ్చింది. మామ చెయ్యి పట్టుకుంది. ఆయన రెండో చెయ్యి అప్పటికే కిటికీ ఊచను వదలకుండా పట్టుకుని ఉంది.

"మామా, నిజం చెప్పు. రంగూన్లో భయం లేదు గదా?"

పుట్టి బుద్ధెరిగి సూలూరును కూడా మెచ్చుకోని కాళియప్పన్ తలపాగా సరిచేసుకున్నాడు.

"ఛ ఛ! బంగారం లాంటి ఊరు తల్లీ. భయమేమి?"

సెల్లాయి ఆ మాట ఒక్క ముక్క కూడా నమ్మలేదు. కానీ భయం మాత్రం పోయింది.