తప్పు బోర్డుదని రాశాను

మాదాపూర్ ఆఫీసులో చేరిన మూడో వారం నాకొక పని అప్పజెప్పారు. కొత్త నీటి మీటరులోని సర్క్యూట్ బోర్డు పంపే అంకెలను నా లైనక్స్ లాప్‌టాప్‌లో చదవాలి. రెంటినీ కలిపేది యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్. లాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టింది, పోర్టు తెరుచుకుంది, కానీ ఒక్క అంకె కూడా రాలేదు. వేగం, అనుమతులు అన్నీ సరిచూశాను. తెర ఖాళీగానే ఉంది.

బోర్డు తయారుచేసిన సీనియర్ వచ్చి నవ్వాడు. "గా లైనక్స్‌తోని ఎందుకమ్మా పరేషాన్? విండోస్ ఏసుకో. నా బోర్డుల తప్పుండదు."

"తప్పు లైనక్స్‌దని చూపించండి సార్, ఇప్పుడే తీసేస్తాను," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు తలలెత్తారు.

బోర్డును పక్కన పెట్టి, అడాప్టర్‌లో పంపే పిన్నునూ అందుకునే పిన్నునూ చిన్న వైరుతో కలిపాను. ఇప్పుడు నేను టైపు చేసింది నాకే తిరిగి రావాలి. మా ఊరి పేరు కొట్టాను. ఒక్క అక్షరం పోకుండా తెర మీదికి వచ్చింది. అంటే అడాప్టర్, లైనక్స్ రెండూ బాగానే ఉన్నాయి. బోర్డును మళ్లీ తగిలించి, దాని మీద పంపేది, అందుకునేది అని అచ్చయిన గుర్తులను నమ్మకుండా రెండు వైర్లను అటూ ఇటూ మార్చాను. అంకెలు వరసగా వచ్చిపడ్డాయి. గుర్తులే తారుమారుగా అచ్చయ్యాయి.

ఆయన గొంతు తగ్గించాడు. "సరే, వైర్లు మార్చుకొని నడిపియ్యి. జర రిపోర్టుల గిదంతా రాయకు."

"ఈ బోర్డు రేపు ఇంకొకరి చేతికి వెళ్తుంది సార్. రాస్తాను."

రాశాను. ఆయన చూస్తుండగానే పైవాళ్లకు పంపాను. నెల్లాళ్లు ఆయన నాతో మాట్లాడలేదు. కొత్త బోర్డులు మాత్రం సరైన గుర్తులతో వచ్చాయి.