గ్యారేజీలో చదువు చెప్పిన ఆంటీ

మూడు వారాల క్రితం ఒక శుక్రవారం ఉదయం, పేషెంటు పన్నులో ఫిల్లింగ్ పెడుతుండగా మా రిసెప్షన్ అమ్మాయి తలుపు తీసి నా ఫోన్ చూపించింది. అప్పటికే నాలుగు మిస్డ్ కాల్స్. గ్లవ్స్ తీసేసి బయటికి వెళ్ళాను. మా వీధి ఆంటీ కూతురు. "మమ్ ఈజ్ గాన్," అంది. గుండె బాగాలేదని రెండు రోజుల కిందటే ఆంటీని హాస్పిటల్లో చేర్చారు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట.

లోపల ఒక పెద్దాయన నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ వేసుకుని, వెళ్ళి పని పూర్తి చేశాను. "థాంక్స్, డాక్," అంటూ ఆయన వెళ్ళిపోయాక, అదే కుర్చీ అంచున కూర్చుని ఏడ్చాను.

డిసెంబర్ కదా, క్లినిక్‌లో అందరికీ ఒక ఫారం ఇచ్చారు. ఈ ఏడాది ఏం నేర్చుకున్నారు, ఎవరు సాయపడ్డారు అని. దానికి రెండు గీతలంత జాగా వదిలారు. అందులో పట్టని మనిషి గురించి ఇక్కడ రాసుకుంటున్నాను.

నేను గుంటూరులో ఆరేళ్ళు పళ్ళ డాక్టరుగా పనిచేశాను. మావారి ఉద్యోగం వల్ల మెల్‌బోర్న్ వచ్చి, దాని శివార్లలోని వెర్రిబీలో స్థిరపడ్డాం. ఇక్కడ ప్రాక్టీసు చెయ్యాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలి. రాతపరీక్ష గట్టెక్కాను గానీ చేత్తో చేసి చూపించే పరీక్షలో రెండుసార్లు తప్పాను. రెండో ఫలితం ఈ జనవరిలోనే వచ్చింది. అప్పటికి ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. పెద్దవాళ్ళకి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పళ్ళు తోమడం. పళ్ళు తోమేటప్పుడు మాత్రం నా వేళ్ళు వాటి పాత పని గుర్తు తెచ్చుకునేవి.

ఆంటీని కలిసింది ఫిబ్రవరిలో. గాలికి వీధిలోని చెత్తబిన్లన్నీ పడిపోతే, రెండిళ్ళ అవతల ఒక పెద్దావిడ ఒంటరిగా తన బిన్ను లేపడానికి అవస్థపడుతోంది. "అయ్యో, ఉండండి!" అని కంగారులో తెలుగులోనే అంటూ వెళ్ళి సాయం పట్టాను. ఆవిడ థాంక్యూ చెబుతూ నవ్వి, ఉన్నట్టుండి నావైపు తేరిపార చూసింది.

"ఏందమ్మా, నా పండ్లు గట్ల చూస్తున్నవ్? డెంటిస్టువా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "అక్కడ అయ్యుండేదాన్నండీ," అన్నాను.

"అక్కడ అయితే ఇక్కడ కాకుండ పోతవా? నేను కూడా డెంటిస్టునే. రిటైరై ఆరేండ్లాయె. రా, చాయ్ తాగి పో."

ఆంటీది హనుమకొండ. అంకుల్ పోయాక ఆ ఇంట్లో ఒక్కరే ఉండేవారు, కూతురు బ్రిస్బేన్‌లో. ఆ రోజు చాయ్ తాగుతూ మా ఇంట్లో అనుకుంటున్నది చెప్పేశాను. ఐదేళ్ళ మా పాపని ఏడాదిపాటు గుంటూరులో మా అత్తయ్యగారి దగ్గర ఉంచి, ఉద్యోగం మానేసి, చివరిసారి గట్టిగా చదవాలని. టికెట్లు కూడా చూస్తున్నామని.

ఆంటీ కప్పు కింద పెట్టారు.

"నేను గట్లనే చేసిన," అన్నారు. "ఏడాదిన్నర బిడ్డను మా అమ్మ దగ్గర ఇడిసిపెట్టి వచ్చిన. పరీక్ష పాసైన, మంచిగ నౌకరి దొరికింది. మూడేండ్లకు తోలుకొచ్చుకుందామని పోతే, మా అమ్మ కొంగు వెనక నిలబడి 'నమస్తే ఆంటీ' అన్నది నా బిడ్డ."

నా కప్పులో ఇంకాస్త చాయ్ పోశారు ఆంటీ.

"తర్వాత అమ్మా అనే పిలిచిందిలే. గని మొదటి మాట అది. పాపను పంపకు. బడి ఇడిసినంక నా దగ్గర ఉంటది. నువ్వు మా గ్యారేజీల చదువుకో."

అలా మొదలైంది. పొద్దున ఏజ్డ్ కేర్‌లో పని, మధ్యాహ్నం నుంచి ఆంటీ గ్యారేజీ. ఒక పాత బల్ల, ఒక ల్యాంపు, ప్లాస్టరులో గుచ్చిన ప్లాస్టిక్ పళ్ళు. మూడున్నరకి ఆంటీయే స్కూలుకి నడిచివెళ్ళి పాపని తీసుకొచ్చేవారు. గోడకి అవతల వాళ్ళిద్దరి నవ్వులూ, ఇవతల నేను పంటిని చెక్కే చప్పుడూ. చెక్కినవాటిని ఆంటీ భూతద్దం పెట్టి చూసేవారు. మెచ్చుకోవడం తక్కువ. "నడుస్తది" అంటే అది పండగ. బాగాలేకపోతే మాట్లాడకుండా ఇంకో పన్ను చేతిలో పెట్టేవారు.

శనివారాలు ఆంటీయే పేషెంటు. పెరటి పడక కుర్చీలో వెనక్కి వాలి వారానికో వేషం. ఒకరోజు చెవులు వినపడని ముసలమ్మ. ఒకరోజు నోరు తెరవని పిల్ల. ఇంకోరోజు పనిబూట్లతో వచ్చిన ప్లంబరు: "మేట్, జస్ట్ పుల్ ద బ్లడీ థింగ్ అవుట్!" అని ఆవిడ బొంగురుగొంతుతో అరిస్తే, పక్కింటి తెల్లాయన కంచె మీదుగా తొంగిచూశాడు. నవ్వాపుకోలేక నా చేతిలో అద్దం జారిపడింది.

"పరీక్షల నవ్వితే పోయినట్టే," అన్నారు ఆంటీ కళ్ళు తెరవకుండానే.

నా చేతులు వణుకుతాయి. రెండుసార్లూ అక్కడే పోయింది. ఆ సంగతి చెబితే ఆంటీ ఓదార్చలేదు. "వణకనీ. పేషెంటుకు నీ చెయ్యి కనపడది, మొహమే కనపడ్తది. ముందుగాల మొహాన్ని కుదురుగ పెట్టు, చెయ్యి దాని ఎనక అదే వస్తది," అన్నారు. నిజంగానే వచ్చింది. నెలలు పట్టింది గానీ వచ్చింది.

జులై చలిలో ఒకరోజు నేను ఎదురు తిరిగాను. అదే పన్ను ఆరోసారి చెక్కమన్నారు. "మీకేం ఆంటీ, మీరు ఎప్పుడో పాసైపోయారు!" అని పనిముట్టు విసిరేసి వచ్చేశాను. సాయంత్రం పాపని ఇంట్లో దిగబెట్టడానికి వచ్చి, గడప దగ్గరే నిలబడి, "రేపు హీటర్ పెట్టి ఉంచుత," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. మర్నాడు వెళ్ళాను. ఏడోసారి చెక్కాను.

సెప్టెంబరులో పరీక్ష పాసయ్యాను. ఫలితం చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివి, "నడుస్తది," అన్నారు.

గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో, రోజూ ఇంటినుంచి వెళ్ళొచ్చే ఉద్యోగం దొరికింది. పాపని ఆఫ్టర్ స్కూల్ కేర్‌లో వేశాం. ఆంటీని ఇంకా శ్రమపెట్టకూడదనుకున్నాం. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ "మంచిదే" అన్నారు. ఆ "మంచిదే"లో ఏముందో నేను ఆగి వినలేదు. అక్టోబరంతా ఈ ఆదివారం వస్తాను, వచ్చే ఆదివారం వస్తాను అంటూ గడిపేశాను. ఇదొక్కటే ఈ ఏడాదిలో నేను మళ్ళీ మొదటినుంచి సరిగ్గా చెయ్యాలనుకునే పని. దీనికి రెండో ప్రయత్నం లేదు.

నవంబరులో ఒకరోజు నా లిస్టులో ఆంటీ పేరు కనిపించింది. రైలెక్కి, బస్సు మారి, అంత దూరం వచ్చారు. "చెకప్‌కు వచ్చిన, ముచ్చట్లకు కాదు," అంటూ కుర్చీలో వాలారు. పది నెలల్లో మొదటిసారి ఆవిడ నోరు తెరిచి ఉండీ మాట్లాడలేకపోతున్నారు. నేను నెమ్మదిగా శుభ్రం చేస్తుంటే నా చేతివైపు కాదు, మొహంవైపే చూస్తూ ఉన్నారు. వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి, "పాపను ఒకసారి పంపు," అన్నారు.

ఆ వారం పంపించలేకపోయాను. పై వారం ఆంటీ హాస్పిటల్లో ఉన్నారు.

ఇప్పుడు రోజూ మూడున్నరకి, ఎవరి నోట్లో పని చేస్తున్నా సరే, ఒక్క క్షణం నా మనసు ఆ స్కూలు గేటు దగ్గరికి పోయి వస్తుంది. ఎండ టోపీ పెట్టుకుని, అందరికంటే ముందు వచ్చి నిలబడే ఆ మనిషి కోసం వెతుక్కుంటుంది.

పోయిన ఆదివారం, ఇల్లు సర్దుతున్న ఆంటీ కూతురికి అన్నం పట్టుకుని పాపతో వెళ్ళాను. ఆమె వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. పాప వెళ్ళి పక్కన కూర్చుంది. ఇంట్లో మేం తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, ఆంటీ దగ్గర నేర్చుకున్న చప్పట్ల పాటొకటి మొదలుపెట్టింది. ఆమె తనూ చేతులు కలిపింది. చిన్నప్పుడెప్పుడో వాళ్ళ అమ్మమ్మ పాడేదట, పదాలు మర్చిపోయిందట. రెండో చరణం దగ్గర ఆమె చప్పట్లు తడబడ్డాయి.

గుంటూరు అమ్మానాన్నలకి మెల్‌బోర్న్‌లో పుట్టిన నా కూతురు ఆమె రెండు అరచేతులూ పట్టుకుని సరిచేస్తూ, అచ్చం హనుమకొండ యాసలో అంది:

"గట్ల కాదు. గిట్ల."