దెయ్యానికీ హీరోకీ ఒకటే గొంతు

దెయ్యం సినిమాల సంగతిలో నాతో పెట్టుకోవద్దని అందరికీ ముందే చెబుతాను. చిన్నప్పుడు మా ఇంటి టీవీలో థాయ్ దెయ్యాలూ కొరియా దెయ్యాలూ అన్నీ శుభ్రంగా తెలుగు మాట్లాడేవి. ఏడ్చేవి, నవ్వేవి, "నిన్ను వదల్ను" అని పళ్ళు నూరేవి. డబ్బింగంటే అదీ అని నా గట్టి నమ్మకం.

ఈ పరాయి దేశంలో, క్లెమెంటి అనే పేటలో నాతో ఫ్లాట్ పంచుకునే వియత్నాం అమ్మాయి ఒప్పుకోదు. వాళ్ళ ఊళ్ళో అద్దెకు తెచ్చుకునే క్యాసెట్లలో సినిమా మొత్తానికీ ఒక్కావిడదే గొంతట. హీరో మాటా ఆవిడే, పసిపిల్ల మాటా ఆవిడే, దెయ్యం మాటా ఆవిడే, అదీ రేడియోలో వార్తలు చదివినట్టు. ఆఖర్న "చదివినది ఫలానా" అని తన పేరు చెప్పుకునేదట. నేను పడీపడీ నవ్వాను. "అది దెయ్యమా, రైల్వే అనౌన్స్‌మెంటా?" అన్నాను.

"నువ్వు వినలేదుగా" అంది మూతి ముడుచుకుని.

మొన్నామధ్య వాళ్ళమ్మ వచ్చింది. ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది. బొమ్మ మసకమసగ్గా తెలుస్తుంది, అక్షరాలు అసలు కనబడవు. "నాకిక సినిమాలు అయిపోయాయి" అని తేల్చేసిందట. ఆ మాట కూతురికి గుచ్చుకుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని చూసిన థాయ్ సినిమా ఒక్కటైనా, అమ్మ వెళ్ళేలోపు మళ్ళీ చూపించాలని పట్టుబట్టింది. సినిమా దొరికింది గానీ ఆ గొంతున్న కాపీ ఎక్కడా దొరకలేదు. కింద వియత్నాం అక్షరాలు వస్తాయి, అంతే. సోమవారమే ఆవిడ ప్రయాణం.

"దానికంత దిగులెందుకు, నువ్వే చదువు" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు వేశాం. ఇక్కడి లిటిల్ ఇండియా బజారు నుంచి తెచ్చిన జంతికలు ఒళ్ళో పెట్టుకుని నేను డైరెక్షన్ మొదలెట్టాను. "ఏడ్చేచోట ఏడువ్. దెయ్యానికి గొంతు మార్చు." పాపం, అలాగే చేసింది. ఆంటీ మొహం చిట్లించి, చెయ్యి అడ్డంగా ఊపి ఏదో అంది.

"ఏమంటున్నారు?"

"ఏడవడానికి దెయ్యం ఉందిగా, నువ్వు చదివి ఊరుకో అంటోంది."

నేను డైరెక్షన్ మానేసి, చెప్పినమాట విన్నాను. నాకు అలవాటు లేని పని అది.

ఈసారి ఆ పిల్ల మామూలుగా చదివింది. వెనకాల థాయ్ దెయ్యం సన్నగా ఏడుస్తోంది, దాని మీద ఈ గొంతు తాపీగా సాగిపోతోంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు జలదరించింది. ఆంటీ రెండు కాళ్ళూ సోఫా మీదికి లాక్కుని కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనూ కాళ్ళు పైకి పెట్టేసుకున్నాను.

సినిమా అయిపోయింది. అమ్మాయి మంచినీళ్ళకి లేవబోతే ఆంటీ చెయ్యి వదల్లేదు. ఇంకా అయిపోలేదన్నట్టు టీవీ వైపు చూపించింది. ఏం మిగిలిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అమ్మాయి మళ్ళీ కూర్చుని, చదివినది ఫలానా అని తన పేరు చెప్పింది. సినిమా మొత్తానికి దాని గొంతు వణికింది ఆ ఒక్కచోటే.