సువార్తక్క కొట్టేసిన రిపోర్టు

ముక్కూ నోరూ బిగించుకుని పరుగెత్తితే ఒంట్లో రక్తం పెరుగుతుందని మీకెవరు చెప్పారు? ఈ పొద్దున ఇబ్రహీంపట్నం మైదానంలో ఒకమ్మాయి చెమటకు తడిసిన నల్ల మాస్క్ తీసి నా పక్కన పెట్టింది. ఆ రబ్బరు వాసనకు సువార్తక్క గుర్తొచ్చింది. బస్టాండు దగ్గర రక్తపరీక్షల ల్యాబ్ నడిపేది. ఆదివారం చర్చికి పోయేది. మిగతా ఆరు రోజులూ రుజువు లేనిదే ఎవరి మాటా నమ్మేది కాదు. నాస్తికుణ్నైన నాకు గురువు ఆమె.

అప్పట్లో పోలీసు ఉద్యోగాల పరుగు కోసం సాధన చేస్తున్నాం. గాలి సరిగా అందనివ్వని మాస్కులు మాలో సగం మందికి తగిలించి కోచ్ ఊపిరాడకుండా ఉరికించాడు. "కొండల మీద ఉరికినట్టే. నెల రోజులల్ల రక్తం మస్తు పెరుగుతది" అన్నాడు. మొదట్లో ఒకసారి, నెల తర్వాత ఒకసారి అక్క అందరి రక్తమూ పరీక్షించింది. మాస్క్ పెట్టుకున్న మాకే హిమోగ్లోబిన్ పెరిగింది! కోచ్ ఆ రిపోర్టు ఫొటో హయత్‌నగర్ దాకా పంపాడు.

మర్నాడే అక్క మైదానానికి వచ్చింది. "నిన్న రక్తం ఇయ్యనీకి లైన్ల ముందు ఎవలు నిలబడ్డరు?"

"మాస్కోళ్లమే అక్కా. అసలు కష్టపడ్డది మేమే గద!" అన్నాను గర్వంగా.

"ఉరికి అట్లనే వచ్చిన్రా? నీళ్లు?"

"తాగలె."

మిగతావాళ్లు తమ వంతు వచ్చేదాకా నీడన కూర్చుని, ఇడ్లీలు తిని, కడుపునిండా నీళ్లు తాగారు. అక్క తల పట్టుకుంది. "చెమట పోయి నీ రక్తం చిక్కబడ్డది బిడ్డా, పెరగలె!"

"జర ఊకో అక్కా" అన్నాడు కోచ్. "మూడు వారాలల్ల సెలెక్షన్. పిల్లల ధైర్యం పోతది. నీ ల్యాబ్ పేరు గూడ పోతది."

"పోనీ. తప్పుడు కాయితం ఇచ్చింది నేను. నేనే కొట్టేస్త."

మరో రోజు అందరినీ పరుగు లేకుండా పిలిచి, నీళ్లు తాగించి, కూర్చోబెట్టి మళ్లీ రక్తం తీసింది. రెండు జట్ల మధ్యా తేడా లేదు. పాత రిపోర్టు మీద అడ్డగీత గీసి, "తప్పు నాది" అని రాసి ల్యాబ్ తలుపుకు అంటించింది. నవ్వినవాళ్లు నవ్వారు. కొన్నాళ్లు జనం వేరే ల్యాబ్‌లకు పోయారు. అయినా ఆ కాగితం పీకలేదు. అలాంటి మనిషి దగ్గర నేర్చుకున్నానని ఇవాళ్టికీ ఛాతీ విరుచుకుని చెబుతాను.

సెలెక్షన్ దాకా మాస్క్ తీసేసి పరుగెత్తాను, గట్టెక్కాను. తీసేసినందుకే గెలిచానని మాత్రం అనను. ఒక్కడి గెలుపు దేనికీ రుజువు కాదని చెప్పింది ఆమే. మీ మైదానంలో ఎవరైనా రక్తపరీక్ష కాగితం ఊపితే చప్పట్లు కొట్టకండి. రక్తం ఎప్పుడు తీశారో, మాస్క్ పెట్టుకోనివాళ్ల కాగితాలు ఏవో అడగండి. చూపించేదాకా అక్కణ్నుంచి కదలకండి.