చిల్‌బోర్న్ కుక్కకి చెవులొచ్చిన రోజు

హెస్టర్ పోకాక్‌కి నిదానమన్నది పుట్టుకతోనే లేదు. ఏడో నెలలోనే పుట్టేసింది. పెళ్లినాడు వరుడికంటే ముందే చర్చి గుమ్మంలో నిలబడింది. మొగుడు ఆర్చీ రొట్టెలు కాలిస్తే, వాటిని వ్యానులో వేసుకుని చుట్టుపక్కల ఊళ్లకి తిప్పడం ఆమె పని. రాతి వంతెన మీద ఆ వ్యాను చప్పుడు వినబడితే బాతులు సైతం పక్కకి తప్పుకునేవి.

చిల్‌బోర్న్ వాళ్లు గొప్పగా చెప్పుకునేవి రెండే. ఒరిగినా పడని చర్చి గోపురం, ఊరి వెనక కొండమీద తోక తెగిన తెల్ల కుక్క. ఏ కాలంలోనో ఎవరో పచ్చికలో కుక్క ఆకారంలో కందకాలు తవ్వి, తెల్లటి సుద్ద దంచి నింపారు. ఊళ్లో ఉన్న ఒకే ఒక పబ్బు పేరు కూడా 'తెల్ల కుక్క'. దాని యజమాని రూబెన్ టక్.

యుద్ధం వచ్చినప్పుడు, శత్రు విమానాలకి గుర్తుగా పనికొస్తుందని సర్కారు ఆ బొమ్మని కప్పెట్టమంది. ఊరంతా కలిసి పచ్చిక దిమ్మలు పరిచింది. హెస్టర్ ఏడుస్తూనే పరిచింది. యుద్ధం ముగిశాక వచ్చిన వసంతంలో "ఇక బయటికి తీసుకోండి" అని కబురొచ్చిందో లేదో, రొట్టెలు సగం వ్యానులోనే వదిలేసి, పార పట్టుకుని కొండెక్కేసింది.

"ఆగమ్మా, కొలతలు చూసుకుందాం!" అంటూ పాస్టరు లైల్‌గారు వగరుస్తూ వెనకాలే వచ్చారు.

"మన కుక్క మనకి తెలీదా పాస్టరుగారూ!"

కాళ్లూ పొట్టా గొడవలేకుండా బయటపడ్డాయి. తల దగ్గరే పేచీ వచ్చింది. తల చివర ఒక ముళ్లపొద ఉండేదని అందరికీ గుర్తే. కానీ ఇప్పుడక్కడ రెండు పొదలున్నాయి. హెస్టర్ పైపొద దగ్గర మొదలుపెట్టింది.

"నీ మొహం! తల కింది పొద దగ్గరే అయిపోయింది. నువ్వు తవ్వేది ఆకాశాన్ని," అన్నాడు రూబెన్.

"నువ్వెప్పుడూ పబ్బు గుమ్మంలోంచేగా చూసింది! నీకు రెండు కుక్కలు కనబడుంటాయిలే!"

అందరూ ఘొల్లుమన్నారు. నిజానికి రూబెన్ చెప్పిందే సరి. కానీ హెస్టర్ పార ఆగితేగా! ఒక్కసారిగా పార గట్టిదేన్నో తాకి ఠక్కుమంది. వంగి మట్టి తుడిచింది. కొండ సుద్దలో ఎక్కడ చూసినా చెకుముకి రాళ్లుంటాయి. ఇక్కడ ఒక్కటీ లేదు. చేతులతో దంచి పరిచిన నున్నటి తెలుపు.

"పాస్టరుగారూ! రండి! పరిగెత్తండి!"

ఆ పెద్దాయన నిజంగానే పరిగెత్తారు. మోకాళ్ల మీద కూర్చుని పచ్చిక వేళ్లు పట్టి చూశారు. "ఈ పచ్చిక మనం పరిచింది కాదమ్మా, వేళ్లు ఎంత లోతుకి దిగాయో చూడు. దీని కింద ఏముందో మన తాతలకి కూడా తెలిసుండదు!"

ఇక ఎవరికీ తిండి ధ్యాస లేదు. సాయంత్రానికి మనిషి నిలువుని మించిన రెండు తెల్ల చారలు తేలాయి, వెనక్కి వాలి, పక్కపక్కన.

"కొమ్ములా ఏమిటి?" అన్నాడు రూబెన్.

"దగ్గర్నుంచి ఏం తెలుస్తుంది? ఎక్కండి వ్యాను!"

పాస్టరుగారు రొట్టెల బుట్టలమధ్య ఇరుక్కున్నారు. రూబెన్ తలుపు పట్టుకుని వేలాడాడు. ఎదుటి గట్టు మీదికి వ్యానుని ఉరికించి, దిగి వెనక్కి తిరిగింది హెస్టర్. ఎండ వాలుగా కొండమీద పడుతోంది.

కుందేలు! గాలిలోకి దూకుతున్న ఇంత కుందేలు!

"తోక తెగిన కుక్క అని తరతరాలుగా జాలిపడ్డాం కదయ్యా!" అని హెస్టర్ నవ్వుతూ ఏడుస్తూ పాస్టరుగారి చేతులు పట్టుకుని గిర్రున తిప్పేసింది. ఆయన టోపీ ఎగిరిపోయింది.

రూబెన్ మాత్రం నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "నా బోర్డు గతేంటే? చెవులపిల్లి పేరు పెడితే నా పబ్బుకి ఎవడొస్తాడు?"

"కుక్కనే ఉంచుకో రూబెన్. కుందేలుని తరమడానికి ఒకటుండాలిగా!"

పేపర్లవాళ్లొచ్చారు. పండితులొచ్చి, అది కుందేలేనని కొందరూ, చెవులు ఎవరో తర్వాత అతికించారని కొందరూ వాదులాడుకుని వెళ్లారు. పబ్బు పేరు మారలేదు. ఆ తర్వాత సుద్ద తెల్లబరిచే ప్రతి వేసవిలోనూ చెవులు మాత్రం హెస్టర్‌కే వదిలేసేవారు. మోకాళ్లు అరిగిపోయాక కూడా ఆమె అందరికంటే ముందే కొండమీద ఉండేది, కిందివాళ్లని తొందరపెడుతూ.