పక్క మూట విప్పి చూడమన్న మేనత్త

మా మేనత్త పోయింది. నాట్లు ముగుస్తున్న రోజుల్లో మలేరియా జ్వరం తలకెక్కి సుక్మా ఆసుపత్రిలో కన్నుమూసింది. ఇలాంటివి మనసు కుదుటపడ్డాక నింపాదిగా రాసుకోవాలి. కానీ నేను ఇప్పుడే రాయాలి. ఆమె చావుకు మా ఊరు ఎర్రబోరులో వేరే కారణం చెప్పుకుంటున్నారు. కొన్నేళ్ల కిందట క్యాన్సర్ వస్తే గర్భసంచి తీసి అండాశయాలు వదిలేశారని, ఆ జబ్బు వాటిలో దాక్కుని ఇన్నేళ్లకు చంపిందని అంటున్నారు. ఆ మాట విని మా వదిన ఆపరేషన్‌కు వెళ్లనంటోంది. అత్తకు వచ్చిన జబ్బే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, వదినకు ఈమధ్యే మొదటి దశలో బయటపడింది.

అందుకే మా అత్త సంగతి జరిగింది జరిగినట్టు చెబుతాను. ఏడుస్తూ చెబితే ఆమె ఊరుకునేది కాదు. చావు ఇంట్లో కూడా పక్కవాళ్లను నవ్వించి తిట్లు తిన్న మనిషి.

సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్మేది. ఆమె గొంతు రోడ్డు అవతలికి వినిపించేది. నెలసరి కాని రోజుల్లో రక్తం కనబడుతోందని మా ఇళ్లలో ఏ ఆడదీ పైకి చెప్పదు. ఆమె సంతలోనే నర్సమ్మను ఆపి చెప్పింది. పక్క దుకాణంలో బెల్లం అమ్మే షావుకారు తల దించుకుంటే, "నువ్వెందుకు సిగ్గుపడ్తవ్ అన్నా, రోగం నాదైతే" అందట. ఆ కథ ఆమే పదిమందికి చెప్పుకుని నవ్వేది.

పరీక్షల్లో క్యాన్సర్ అని తేలాక జగదల్‌పూర్ వెళ్లాం. ఆమె, మా నాన్న, నేను. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అప్పటికి కాలేజీలో ఉన్నాను. అత్త హిందీ చింతపండు అమ్మడానికి సరిపోయేది, గర్భసంచి గురించి మాట్లాడటానికి సరిపోదు. కాబట్టి మధ్యలో మాట చెప్పే పని నాది. బస్సులో నేనే ఏడ్చాను. అత్త నా ముఖం తుడిచి, "భయం ఎక్కితే ఎక్కనీ కోడలా, దానికి టికెట్ మాత్రం తియ్యకు" అంది. సుక్మా రాకముందే నా భుజం మీద గురక పెట్టింది.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. గడ్డ చిన్నది, మొదటి దశలోనే ఉంది. ఈ దశలో అండాశయాలకు పాకడం చాలా అరుదు, అత్తకు వచ్చిన రకంలో మరీ అరుదు. నెలసరి ఆగే వయసు ఇంకా రాలేదు గనుక అవి ఉంటే ఎముకలకు, గుండెకు మంచిది. ఆపరేషన్ చేసేటప్పుడు చూసి, బాగుంటే ఉంచుతానంది.

నాన్న ఒప్పుకోలేదు. మా ఇళ్లలో విత్తనాలను అడ్డాకుల్లో మూటగట్టి పొయ్యి పైన పొగకు వేలాడదీస్తాం. ఒక మూటకు పురుగు పడితే పక్క మూట మీద కూడా అనుమానమే. "పక్కది కూడా దించెయ్యమంటం గదా అక్కా. అన్నీ తీయించెయ్, పీడ పోతది" అన్నాడు.

అత్త తమ్ముడి వైపు తిరిగింది.

"దించుతం. దించి ఊకెనే పారేస్తమారా? విప్పి చూస్తం. పురుగు లేకుంటే మళ్లా కట్టి ఆడనే వేలాడేస్తం. డాక్టరమ్మ చెప్పేది గదే గదా."

ఆ మాట హిందీలో చెప్పమని నన్ను మోచేత్తో పొడిచింది. చెప్పాను. డాక్టరమ్మకు నవ్వొచ్చింది. ఆ మూటలు ఎలా కడతారో అడిగి తెలుసుకుంది. అయితే విత్తనంలాగా దీన్ని కంటితో చూస్తే చాలదని, తీసిన ముక్కలను పరీక్షకు పంపాలని, తర్వాత కూడా చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలని గట్టిగా చెప్పింది. అత్త సరేనంది. "చెడితే తీసెయ్. మంచిగుంటే ఉండనీ."

అండాశయాలు బాగున్నాయి, ఉంచారు. పరీక్షకు పంపిన ముక్కల్లో కూడా క్యాన్సర్ ముఖద్వారం దాటలేదని తేలింది. వార్డులో అత్త లేచి తిరగడం మొదలుపెట్టాక పక్క మంచాలవాళ్లందరికీ ఈ మూటల కథే. హల్బీ మాట్లాడే ఒక ముసలమ్మకు చేతులతో సైగలు చేసి చెప్పింది. ఆ ముసలమ్మకు అర్థమైంది ఏమిటోగానీ, వెళ్లేటప్పుడు అత్తకు గుప్పెడు చిక్కుడు గింజలు ఇచ్చి పోయింది.

తర్వాత ఏటేటా పరీక్షకు కొత్త చీర కట్టుకుని వెళ్లేది. ఒక ఎండాకాలం నర్సు తమ చెట్టు మామిడిపండు కోసి పెడితే ముట్టలేదు. మా ఊళ్లో కొత్త మామిడి పండుగ కాకుండా కాయ నోట పెట్టం. "మా ఊరి పండుగ అయినంక మళ్లొస్త, ఆ చెట్టుది ఇంకోటి దాచిపెట్టు" అని నర్సుకు చెప్పింది. నిజంగానే వెళ్లి తినొచ్చింది.

చివరి పరీక్ష ఈ ఎండాకాలమే జరిగింది. ఎక్కడా ఏమీ లేదన్నారు. ఆమెను తీసుకుపోయింది మలేరియానే. అందరినీ పరీక్షలకు తోలిన మనిషి, నాట్లు అయ్యేదాకా తన జ్వరం సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో ఆమె మీద నాకు ఇంకా కోపం ఉంది. కానీ ఆడవాళ్ల ఒంటి సంగతి ఇలా తల దించుకోకుండా రాయగలుగుతున్నానంటే, ఆ రోజు డాక్టరమ్మ ముందు నన్ను పొడిచి పొడిచి చెప్పించిన ఆమె వల్లే.

వదినకు జబ్బు తెలిసిన రోజున అత్త ఆమె పక్కన కూర్చుని, "నేను కనబడ్తలేనా? ఇంకేం రుజువు గావాలె నీకు?" అంది. వదిన ఆ రోజు రెండు ముద్దలు తింది. ఇప్పుడు నేను అత్త చివరి పరీక్ష కాగితం వదినకు చదివి వినిపించాను. అంతా విని ఇలా అంది.

"నువ్వు అబద్ధం చెప్పవు మరదలా. నాకు తెలుసు. కానీ కాయితం నా పక్కన కూసోని అన్నం తినదు గదా. ఆపరేషన్ అయ్యి బతికున్న మనిషిని చూపియ్యి, పోత."

వదిన గడ్డ రకం వేరు. ఆమె అండాశయాలు ఉంచవచ్చో తీయాలో డాక్టరమ్మే చెప్పాలి. అత్తకు జరిగినట్టే ఈమెకూ జరుగుతుందని నేను అనను. ఇప్పుడు వెళితే నయమయ్యే దశలో ఉందని మాత్రం డాక్టరమ్మ చెప్పింది. ఆలస్యం చేస్తే ఆ మాట ఉండదు.

ఆసుపత్రికి కావలసిన సంచి వదిన సర్దుకుంది. వెళతానని మాత్రం అనడం లేదు. రోడ్డు మీద బస్సు ఆగితే చాలు, చేతిలో పని వదిలేసి దిగే ఆడవాళ్లను చూస్తూ గుమ్మంలో నిలబడుతోంది.

కోంటా, భోపాలపట్నం, దంతెవాడ, ఎక్కడైనా సరే, ఇలాంటి ఆపరేషన్ అయి బాగున్న అక్కలు, అమ్మలు ఈ పత్రిక చదువుతుంటే, లేదా మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే, దయచేసి పత్రికకు ఒక కబురు పంపండి. రాలేనివాళ్ల దగ్గరికి మేమే వస్తాం. వదిన ఆపరేషన్ ఈ నెలాఖరుకు పెట్టారు. ఇరవయ్యో తారీఖులోపు మీ కబురు అందాలి.