వయసు నిన్న రాలేదు కదా సారూ

పోయిన బుధవారం మధ్యాహ్నం షాపులో ఉండగా అక్క నంబరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆమె మెసేజ్ ఎప్పుడూ "వినపడతాందా?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఈసారి గొంతు వేరు. "సార్, నేను కూతుర్ని. అమ్మ తెల్లారుజామున పోయింది. లివరు జబ్బు ముదిరిపోయిందన్నారు. కువైట్‌లో మందుల షాపు తమ్మునికి తప్పకుండా చెప్పమని మొన్ననే అనింది." అంతే. చేతిలో ఉన్న మందు డబ్బా కౌంటరు మీద పెట్టేసి, వెనక గదిలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

అక్క నాకు బంధువు కాదు. ఆమెది రాయచోటి దగ్గర పల్లె, నాది అమలాపురం పక్క. కువైట్‌లో ఎగైలా అనే పేటలో నేను పనిచేసే మందుల షాపుకు రెండు వీధుల అవతల ఒక కువైటీ ఇంట్లో పదకొండేళ్లు పనిచేసింది. ఇక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్లు మామా అంటారు. ఆ ఇంట్లో ఇద్దరు. ఎనభైకి దగ్గర పడుతున్న పెద్ద మామా, ఆవిడ కూతురు చిన్న మామా. పెద్దావిడను చూసుకోవడం అక్క పని. రెండేళ్ల కిందట అన్నీ సర్దుకుని ఊరికి వెళ్లిపోయింది. నేను ఇవాళ ఈ కౌంటరు వెనక కాస్త బుద్ధిగా నిలబడుతున్నానంటే అది ఆమె చలవే. ఆ సంగతి చెప్పుకోకపోతే నాకు మనసొప్పదు.

మొదటిసారి ఆమె వచ్చినప్పుడు షాపు కిటకిటలాడుతోంది. ఒక గుడ్డ సంచి కౌంటరు మీద పెట్టింది.

"సారూ, మా పెద్ద మామా పడతాంది. ఈ నెలలోనే మూడుసార్లు పడింది. ఈ మాత్రల్లో ఏదన్నా తేడా ఉండాదేమో చూడు."

"పెద్దావిడ కదండీ, ఆ వయసొచ్చాక పడతారు. కాస్త జాగ్రత్తగా చూసుకోండి" అన్నాను, సంచి విప్పకుండానే.

"వయసు నిన్న రాలేదు కదా సారూ" అంది అక్క. "ఆయమ్మకు వయసొచ్చి శానా ఏండ్లయింది. పడేది మాత్రం మొన్న రంజాన్ అయిపోయినాంకనే మొదలైంది."

నేను నవ్వేసి పక్కవాళ్ల చీటీ అందుకున్నాను. ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

పది రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. జనం తగ్గేదాకా పక్కన నిలబడింది. పెద్ద మామా మళ్లీ పడింది, మణికట్టు విరిగింది. అక్క నిర్లక్ష్యం వల్లే ఇదంతా అని చిన్న మామా తేల్చేసింది. చెయ్యి పట్టి గుంజి ఉంటావు అని కూడా అందట. నెలాఖరుకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేసి ఇంటికి పంపించేస్తానంది.

"నన్ను పంపిస్తే పంపనీ సారూ" అంది అక్క. "నా యెనక వచ్చే పిల్ల గూడా ఇవే మాత్రలు ఇస్తాది. ఆయమ్మ మళ్లా పడతాది. ఈసారి తుంటి ఇరిగితే ఇంక లేస్తాదా?"

ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండరు కాగితాలు మూడు మడత విప్పి నా ముందు పరిచింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, అరబ్బీ మాట్లాడుతుంది కానీ చదవలేదు. పెద్దావిడ పడిన ప్రతి తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఏ కొత్త మాత్ర ఏ రోజు మొదలైందో, ఆ గడిలో ఆ మాత్ర రేకు ముక్క కత్తిరించి టేపుతో అంటించింది. మూడు కాగితాల్లో మొదటిదాని మీద ఒక్క సున్నా కూడా లేదు. రెండోదాని మీద రెండు రేకు ముక్కలు, ఆ కింద, మూడోదాని మీద సున్నాలే సున్నాలు. అన్నీ పొద్దున్నే పడినవే అంది. నమాజుకు లేచి మంచం దిగగానే "కండ్లు తిరుగుతాండాయి" అని పెద్దావిడ అనడం, ఒరిగిపోవడం.

అప్పుడు సంచి విప్పాను. ప్రభుత్వ క్లినిక్‌లో ఇచ్చిన బీపీ మందు ఒకటి ఉంది. ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా రాసిన బీపీ మందు ఇంకొకటి. డబ్బాల మీద పేర్లు వేరు, లోపల మందు ఒకటే. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు, ఆవిడ రెండూ మింగుతోంది. పైగా పడుకునే ముందు నిద్రమాత్ర. దానికి తోడు దురదకని వేసుకుంటున్న అలర్జీ మాత్ర. అదీ మత్తిచ్చేదే. ఆ వయసులో ఒంట్లోంచి మత్తు తొందరగా పోదు. తెల్లవారి ఆ మత్తులోనే గబుక్కున లేచేసరికి, రెండింతలు పడిన బీపీ మందుకు రక్తపోటు ఒక్కసారిగా దిగిపోతోంది. మనిషి నిలబడేదెలాగ?

క్యాలెండరు మీద అంటించిన అలర్జీ మాత్ర రేకు ముక్కను దగ్గరికి తీసుకుని చూశాను. దాని అంచున సగం చిరిగిన ధర చీటీ. మా షాపుదే. ఆ కువైటీ ఇంటి డ్రైవరు వచ్చి దురదకు ఏదైనా ఇవ్వమంటే, ఎవరికి, ఎంత వయసు, ఇంకేం మందులు వాడుతున్నారు అని ఒక్క మాట అడగకుండా తీసి ఇచ్చింది నేనే.

"అక్కా, ఇందులో ఒకటి నేనిచ్చిందే" అన్నాను. అక్కా అని పిలవడం అదే మొదలు.

"తెల్సు తమ్ముడా. మీ షాపు చీటీ ఉండాది కదా. అందుకే మళ్లా నీ కాడికే వచ్చినా. వేరేవాళ్ల కాడికి పోతే నీ మీద చెప్తారు. నీ కాడికి వస్తే నువ్వే చెప్తావనుకున్నా."

"మరి అనుమానం వచ్చినప్పుడే ఆపేయలేకపోయావా?"

"ఆపేదానికి నేనెవర్ని? చూసి చెప్పేది నా పని. ఆపేది డాక్టరు పని."

ఎన్నో ఏళ్లు చదువుకుని నేను నేర్చుకోని మాట అది. నిద్రమాత్ర ఒక్కసారిగా మానేస్తే ఎంత ప్రమాదమో నాకు తెలుసు. ఆమెకు తెలియకుండానే సరైన చోట ఆగింది.

అయినా ఆ సాయంత్రం దాకా నాకు ధైర్యం చాలలేదు. నా ఇఖామా కూడా ఈ ఉద్యోగం మీదే ఉంది. చిన్న మామా ఒక్క ఫిర్యాదు రాస్తే నేనూ సామాను సర్దుకోవాలి. చివరికి నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. ఆవిడ చికాకుగా వచ్చింది. మందులన్నీ వరసగా పెట్టి, నాకొచ్చిన అరబ్బీలో, ఇంగ్లీషులో చెప్పాను. అలర్జీ మాత్ర అడగకుండా ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను. అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. చిన్న మామా క్యాలెండరు కాగితాలు తిప్పి చూసింది. తెలుగు అక్షరాలు ఆవిడకు అర్థం కావు, ఎర్ర సున్నాలు మాత్రం అర్థమయ్యాయి.

"ఇదంతా ఎవరు చేశారు?" అంది.

అక్క వైపు చూపించాను. ఆవిడ కాగితాలు మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. వెళ్తూ నాతో, "ఇక మీద అడిగి ఇవ్వు" అంది. ఫిర్యాదు చేయలేదు.

మర్నాడు అక్క, మామాలిద్దరూ కలిసి ప్రభుత్వ క్లినిక్‌కు వెళ్లారు. డాక్టరు పెద్దావిడను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడట. ఒక బీపీ మందు, అలర్జీ మాత్ర ఆ రోజే తీసేశాడు. నిద్రమాత్రను వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాడు. ఆ వారాలు అక్కకు నరకమే. నిద్ర పట్టక పెద్దావిడ తిట్టిపోసేది. సాయంత్రం కాఫీ మాన్పించినందుకు రెండు రోజులు మాట్లాడలేదు. అక్క ఆవిడ పాదాలు ఒత్తుతూ కూర్చునేది. పొద్దున లేచేటప్పుడు "శ్వయ్య శ్వయ్య మామా", మెల్లగా మెల్లగా, అని మంచం అంచున కూర్చోబెట్టి, కాళ్లు ఆడించి, నీళ్లు తాగించి అప్పుడు లేపేది. ఆ తర్వాత పెద్దావిడ ఒకసారి తడి బాత్రూములో జారింది, దెబ్బ తగల్లేదు. పొద్దుటిపూట ఒరిగిపోవడం మాత్రం మళ్లీ జరగలేదు.

చిన్న మామా క్షమించమని నోటితో ఎప్పుడూ అనలేదు. నెలాఖరున "ఖలాస్, నువ్వు ఇక్కడే ఉంటావు" అని, మందుల పెట్టె తాళంచెవి తెచ్చి అక్కకిచ్చింది. ఆ రోజు అక్క నవ్వు ముఖంతో షాపుకొచ్చి, డబ్బాలన్నిటి మీదా తెలుగులో రాయమంది. "పొద్దున", "పండుకునే ముందు" అని నా వంకర అక్షరాలతో రాశాను. "నీ రాత కంటే నా రాతే నయం తమ్ముడా" అంది.

అప్పటి నుంచి శుక్రవారం సెలవు దొరికితే చెనిక్కాయల పొడి చిన్న స్టీలు డబ్బాలో తెచ్చిచ్చేది. డబ్బా ఖాళీగా తిరిగిస్తే ఒప్పుకునేది కాదు. ఏమీ దొరక్క గొంతు నొప్పి బిళ్లలు వేసి ఇచ్చేవాణ్ణి. వేరే ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను కూడా వెంటబెట్టుకుని వచ్చేది. వాళ్లకు ఆమె చెప్పే మాట ఒకటే: "మాత్ర లోపలికి పోయిందంటే అయిపోలేదు. ఆ తర్వాత మనిషి ఎట్ల నిలబడిందో చూడల్ల."

ఇప్పుడు పెద్దవాళ్లకు మందు అడిగితే నేను రెండు ప్రశ్నలు వేస్తాను. ఇంకేం వాడుతున్నారు, ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మొన్న చిన్న మామా షాపుకొస్తే అక్క సంగతి చెప్పాను. ప్రార్థన మాటలేవో మెల్లగా అనుకుంది. "అమ్మకు ఎలా చెప్పాలి?" అంది.

రెండేళ్ల కిందట అక్క ఊరికి బయలుదేరిన రోజు నేను వాళ్ల గేటు దగ్గరే ఉన్నాను. పెట్టెలు కారులో పెట్టేశారు. పెద్ద మామా గేటు దాకా తానే వచ్చి సాగనంపుతానంది, ఎవరూ పట్టుకోవద్దంది. చేతికర్ర తాటించుకుంటూ ఎండపడిన వాకిట్లో అడుగులో అడుగు వేస్తోంది. వెనకాల అక్క. ప్రయాణానికి కట్టుకున్న కొత్త చీర, భుజాన బ్యాగు. ఆవిడ వీపుకు జానెడు దూరంలో రెండు చేతులూ తెరిచి పెట్టుకుని, ఆవిడకు తగలకుండా, ఆవిడకు తెలియకుండా, ఒక్కో అడుగే వేసుకుంటూ నడుస్తోంది. డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. అక్క తల తిప్పలేదు. ఆమె చూపంతా ఆ పాదాల మీదే ఉంది.